నాలుగు పలకల సిగార్‌ని జనానికి అలవాటు చేయడం: నా అనుభవం

డాలస్‌కి ఉత్తరం వైపు శివారులో నేనూ నా పార్ట్‌నరూ కలిసి ఒక సిగార్ షాపు నడుపుతున్నాం. ముందు అమ్మకం, వెనక కూర్చుని కాల్చుకోవడానికి ఒక లాంజ్. అన్ని షాపుల్లో దొరికే బ్రాండ్లే మా దగ్గరా ఉంటాయి కాబట్టి మాకంటూ ఒక బ్లెండ్ (రకరకాల ఆకుల కలయిక) ఉంటే బాగుంటుందని చాలాకాలం అనుకుని, చివరికి నికరాగ్వాలో ఒక ఫ్యాక్టరీ చేత చేయించి తెచ్చాం. ఆరంగుళాల పొడవు, 52 రింగ్ గేజ్ (సిగార్ లావు కొలత, అంగుళంలో 64వ వంతుల లెక్కన), బాక్స్ ప్రెస్. అంటే గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా నొక్కిన సిగార్ అన్నమాట. చేయించడం ఒక ఎత్తు, ఎప్పటి నుంచో తమ బ్రాండుకి అలవాటుపడిన మనుషుల చేత దాన్ని కాల్పించి, మళ్ళీ వచ్చి ఇంకోటి కొనుక్కునేలా చేయడం ఇంకో ఎత్తు. ఈ రెండో పని గురించే చెప్తాను. ఇదంతా ఇప్పటికే సిగార్ కాల్చేవాళ్ళ కోసం. పొగ అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టాలని నాకు ఏమాత్రం లేదు. సిగార్ పొగ లోపలికి పీల్చకపోయినా నోటికీ గొంతుకీ చేసే హాని చేస్తుంది, ఆ మాట షాపులో కూడా దాచను.

మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. ఇంట్లో వర్జీనియా పొగాకు వేసేవాళ్ళు కాబట్టి రెలుపులు (ఆకు కోతలు), బ్యారన్ (ఆకు మాగేసే కొట్టం) కాల్చడం, మండెలు (ఆకు కుప్పలు) వేయడం, ఆడవాళ్ళు కూర్చుని గ్రేడింగ్ చేయడం, బేళ్ళు కట్టి వేలానికి తీసుకెళ్ళడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. అది సిగరెట్ల ఆకు, వేడిగాలి గొట్టాలతో బ్యారన్‌లో మాగేసేది. సిగార్ ఆకు దారి వేరు. దాన్ని గాలి ఆడే కొట్టాల్లో వేలాడదీసి నెమ్మదిగా ఆరబెడతారు, తరవాత పెద్ద పెద్ద మండెలు వేసి, లోపలి వేడి ఎంత పెరిగిందో థర్మామీటర్ పెట్టి చూస్తూ, హద్దు దాటకముందే విప్పి లోపలి ఆకు బయటికి, బయటి ఆకు లోపలికి తిరగేస్తారు. నికరాగ్వాలోని ఎస్తెలిలో ఆ మండెల గదిలోకి అడుగుపెడితే అమోనియా ఘాటుకి కళ్ళు మండాయి. ఆ ఘాటంతా పోయేదాకా ఆకుని వాడకూడదు. సరిగ్గా మాగని ఆకుతో చుట్టిన సిగార్ నాలుక మీద సూదుల్లా గుచ్చుతుంది, దానికి ఎంత అందమైన బ్యాండు (పేరు వేసిన కాగితం పట్టీ) చుట్టినా ఉపయోగం లేదు.

బ్లెండ్ కుదిర్చే పని నేను అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. సిగార్‌లో మూడు భాగాలు ఉంటాయని కాల్చేవాళ్ళకి తెలుసు: పైన కనపడే రేపర్, దాని కింద పట్టి ఉంచే బైండర్, లోపల ఫిల్లర్. ఫిల్లర్‌లో మళ్ళీ మొక్క మీద ఆకు ఉన్న ఎత్తుని బట్టి తేడాలు. కింది ఆకులు తేలిగ్గా ఉండి బాగా మండుతాయి, మధ్యవాటిలో వాసన ఉంటుంది, చిట్టచివర ఎండ బాగా తగిలే ఆకుని లిగెరో అంటారు, అది మందంగా, ఘాటుగా ఉండి నెమ్మదిగా కాలుతుంది. అందుకే లిగెరోని సరిగ్గా మధ్యలో పెడతారు, పక్కకి జరిగితే అటువైపు కాలక సిగార్ వంకరగా మండుతుంది. మేం చివరికి ఒప్పుకున్నది మెక్సికోలోని సాన్ ఆండ్రెస్ ఆకు రేపర్‌గా, నికరాగ్వాలోని హలాపా లోయ ఆకు బైండర్‌గా, లోపల అక్కడివే ఎస్తెలి, కొండెగా ఆకులు. ఈక్వడార్ రేపర్‌తో కూడా ఇదే ఫిల్లర్ చుట్టించి చూశాం. అది నున్నగా, చూడ్డానికి చక్కగా ఉంది. కానీ సాన్ ఆండ్రెస్ ఆకు కాస్త మందం, నొక్కుడుకి తట్టుకుంటుంది, మూలల దగ్గర చిట్లదు, పైగా లోపలి ఘాటుకి ఒక తియ్యదనం తోడవుతుంది. బల్ల మీంచి అప్పుడే తీసిన సిగార్ కాల్చి బ్లెండ్ ఖాయం చేయమని అక్కడ తొందరపెట్టేవాళ్ళూ ఉంటారు. అది ఆవకాయ కలిపిన రోజే తిని తీర్పు చెప్పినట్టు ఉంటుంది. మేం ప్రతి రకం నుంచీ కొన్ని ఇంటికి తెచ్చుకుని, నెలలు ఆగి, పొద్దున నోరు శుభ్రంగా ఉన్నప్పుడు కాల్చి చూసుకున్నాకే మాట ఇచ్చాం.

ఈ పలకల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపులో ప్రశ్నలన్నీ దీని మీదే వస్తాయి. బాక్స్ ప్రెస్ సిగార్‌ని కూడా మొదట గుండ్రంగానే చుడతారు. ఇంకా తడి ఆరకముందే చెక్క ట్రేలో వరసగా పేర్చి, వరసకీ వరసకీ మధ్య పలచటి చెక్క పట్టీలు పెట్టి, పైనుంచి బిగిస్తారు. కాసేపయ్యాక తీసి, పక్కకి ఒక పలక తిప్పి మళ్ళీ బిగిస్తారు. క్యూబాలో వెనకటికి సిగార్లని పెట్టెలో ఒత్తుగా కూరడం వల్లే ఈ ఆకారం వచ్చింది, దాన్ని ఇప్పుడు కావాలని చేస్తున్నారు. అసలు కిటుకు నొక్కడంలో లేదు, నొక్కబోతున్నామని తెలిసి ముందుగానే ఆకు కాస్త తగ్గించి చుట్టడంలో ఉంది. గుండ్రటి సిగార్‌కి వేసినంత ఆకు వేసి నొక్కితే లోపల గట్టిపడి, ఎంత లాగినా పొగ రాదు. మరీ తగ్గిస్తే పొగ బొగబొగా వచ్చి సిగార్ వేడెక్కి చేదెక్కుతుంది. మాకు చుట్టిన జంట (అక్కడ ఒకరు లోపలి ఆకు పేర్చి బైండర్ చుడతారు, ఇంకొకరు రేపర్ చుట్టి తల కడతారు) ఆ కొలత చేతి వేళ్ళతోనే పట్టేశారు. నేను చూస్తూ నిలబడిపోయాను. మా ఊళ్ళో గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళ వేళ్ళు గుర్తొచ్చాయి, ఆకుని ఒక్కసారి తడిమి ఏ గ్రేడో చెప్పేసేవాళ్ళు.

సరుకు వచ్చిన రోజే అల్మారాలో పెట్టేయాలని అందరికీ ఉంటుంది, మేం పెట్టలేదు. ప్రయాణంలో సిగార్లు తేమ పీల్చుకుంటాయి, అవి సర్దుకోవాలి. పలకల సిగార్ విషయంలో తేమ మరీ ముఖ్యం. ఎక్కువైతే ఆకు ఉబ్బి మూలలు గుండ్రంగా అయిపోతాయి, తక్కువైతే అవే మూలల దగ్గర రేపర్ బీటలిస్తుంది. చాలామంది 70 శాతం తేమ అని గుడ్డిగా పెట్టేస్తారు, మా అనుభవంలో ఈ సిగార్ 65 దగ్గర బాగా కాలింది. తరవాత వచ్చిన ఒక సరుకు మరీ తడిగా వచ్చింది, పెట్టె తెరవగానే వేలితో నొక్కితే తెలిసిపోయింది. అమ్మకం ఆగిపోతుందని టెన్షన్ పడ్డా, అది కుదుటపడేదాకా ఒక్కటి కూడా బయటికి తీయలేదు. కొత్త సిగార్‌కి మొదటి అభిప్రాయం ఒక్కసారే దొరుకుతుంది. బాగా కాలని సిగార్ ఒకటి చేతికిచ్చామా, ఆ మనిషి మళ్ళీ దాని వైపు చూడడు.

ఇక అసలు విషయం. పెద్ద ఈవెంట్ పెట్టి, బ్యానర్ కట్టి మొదలుపెడదామని పార్ట్‌నర్ అన్నాడు. నేను వద్దన్నాను. ముందు రోజూ వచ్చే కొద్దిమందికి, బ్యాండు తీసేసి, పేరు చెప్పకుండా, ధర చెప్పకుండా ఇచ్చి కాల్చమన్నాం. అది ఎక్కడిదో, ఏ రుచి వస్తుందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు, ఇది నేను పట్టుబట్టిన విషయం. "ఇందులో చాక్లెట్ వస్తుంది, మిరియం వస్తుంది" అని ముందే చెప్తే కాల్చేవాడు ఆ రెంటినే వెతుక్కుంటాడు, దొరక్కపోతే తన నాలుకనో మన మాటనో అనుమానిస్తాడు. అందుకని మేం అడిగినవి మామూలు సంగతులు: పొగ సులువుగా వచ్చిందా, ఎన్నిసార్లు మళ్ళీ వెలిగించాల్సి వచ్చింది, ఎక్కడిదాకా కాల్చి పక్కన పెట్టేశారు. ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు అన్నిటికంటే నిజం చెప్తుంది. ఎదురుగా కూర్చుని "చాలా బాగుంది" అని మొహమాటానికి అనొచ్చు, కానీ యాష్‌ట్రేలో సగం సిగార్ మిగిలిందంటే బాగోలేదనే అర్థం.

అప్పుడు విన్న మాటలు ఒక్కొక్కటీ ఒక్కో రకం. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన, మా షాపు తెరిచిన దగ్గర్నుంచీ వస్తున్నాడు, ఏమీ మాట్లాడకుండా వేళ్ళు కాలేదాకా కాల్చి, వెళ్తూ "దీని పేరు చెప్పినప్పుడు నాకు రెండు పక్కన పెట్టు" అన్నాడు. ట్రక్కు నడిపే ఇంకొకాయన మొదటి అంగుళం చాలా ఘాటుగా ఉందని, ఆ తరవాత మెత్తబడిందని చెప్పాడు. నిజమే, మా బ్లెండ్‌లో మొదట్లో మిరియం దెబ్బ ఉంది, అది తగ్గాకే కోకో, కాఫీ లాంటి రుచులు బయటికొస్తాయి. అక్కడే నాకు విషయం బాగా అర్థమైంది: ఈ సిగార్‌ని పరిచయం చేయడం అంటే ఆ మొదటి అంగుళం దాటించడం. అది సరిగ్గా దాటితే మిగతాదంతా సిగారే చూసుకుంటుంది.

శుక్రవారం సాయంత్రం మా తెలుగువాళ్ళ బ్యాచ్ ఒకటి వస్తుంది, అందరూ సాఫ్ట్‌వేరే. వాళ్ళలో ఒకతను చేతిలోకి తీసుకుని, "అన్నా, ఇదేంటి ఇలా అణిగిపోయింది? పెట్టెలో నలిగిపోయిందా?" అని అడిగాడు. నవ్వొచ్చే ప్రశ్న కాదు, చాలామంది అమెరికన్లు కూడా మనసులో అదే అనుకుని మర్యాదకి ఊరుకుంటారు. అతనికి చెప్పిందే తరవాత అందరికీ చెప్పాను: తమ్ముడూ, ముందు టేబుల్ మీద పెట్టి చూడు, దొర్లిపోదు. ఇప్పుడు పెదాల మధ్య పెట్టుకో, దవడ అంత తెరవక్కర్లేదు. ఇంకా వెలిగించకుండా ఒకసారి లాగు, ఎంత తేలిగ్గా గాలి వస్తుందో చూడు. మాటల్లో ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ ఒక్క దమ్ముకి వస్తుంది. అదే బ్యాచ్‌లో కోనసీమ నుంచి వచ్చినతను సగం కాల్చాక, "మా తాతయ్య లంక పొగాకు చుట్ట వాసన వస్తోంది అన్నా" అన్నాడు. గోదావరి లంకల్లో పండే ఆ ఆకు చుట్టలకే పేరుపొందింది, అదీ నల్లటి, ఘాటైన ఆకే, కాబట్టి అతని ముక్కు మోసం చేయలేదు. అక్కణ్ణుంచి మాట ఉత్తరాంధ్రలో మన ముసలమ్మలు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మీదికి మళ్ళింది. అది వినగానే పక్క సోఫాలో ఉన్న అమెరికన్ పెద్దాయన నమ్మనే లేదు, ఫోన్‌లో వీడియో వెతికి చూపించాల్సి వచ్చింది. ఆ అలవాటు వల్ల అంగిట్లో క్యాన్సర్లు వస్తాయని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్న సంగతీ అక్కడే మాట్లాడుకున్నాం.

ఆ తరవాతే సాయంత్రం కార్యక్రమం పెట్టాం. ఉపన్యాసం లేదు, సంగీతం లేదు. ఉచితంగానూ ఇవ్వలేదు. ఊరికే వచ్చిన సిగార్‌ని మనుషులు సగంలో పడేస్తారు, డబ్బు పెట్టి కొన్నదాన్ని శ్రద్ధగా కాలుస్తారు, నేను ఇది గట్టిగా నమ్ముతాను. కొన్న ప్రతి ఒక్కరితోనూ కూర్చుని కోయడం, వెలిగించడం చూపించాను. పలకల సిగార్‌కి తల కూడా చదరంగానే ఉంటుంది, కట్టర్‌ని వంకరగా పట్టుకుంటే ఒక మూల ముందు తెగి, ఆ మూల దగ్గర రేపర్ లేచిపోతుంది. బ్లేడుకి తల సమానంగా ఆనించి, తల మీద అతికించిన ఆకు అంచు కంటే కాస్త పైనే, ఒకే వేటుకి కోయాలి. వెలిగించేటప్పుడు మంటని మధ్యలో పెట్టేస్తారు చాలామంది. అలా చేస్తే మూలలు వెనకబడి, మధ్యలో సొరంగంలా కాలుతుంది. ముందు నాలుగు మూలలూ దూరం నుంచి వేడిచేసి, అంచు చుట్టూ ఎర్రబడ్డాక మధ్యకి రావాలి. అయ్యాక చివర మీద మెల్లగా ఊదితే ఎక్కడ అంటుకోలేదో కనపడుతుంది, అక్కడ మాత్రం మళ్ళీ మంట చూపించాలి.

అన్నిటికంటే ముఖ్యం వేగం. మా సిగార్‌లో పొగ తేలిగ్గా వస్తుంది కాబట్టి తెలియకుండానే గబగబా లాగేస్తారు, అది వేడెక్కుతుంది, ఆ మిరియం ఘాటు కాస్తా చేదుగా మారుతుంది, "చాలా స్ట్రాంగ్" అని తీర్పు ఇచ్చేస్తారు. నిమిషానికి ఒక దమ్ము, అంతకంటే వద్దు. ఇదొక్క మాట చెప్పిన వాళ్ళకీ చెప్పని వాళ్ళకీ ఒకే పెట్టెలోని సిగార్ రెండు వేర్వేరు సిగార్లలా అనిపించడం కళ్ళారా చూశాను. అప్పటి నుంచి కౌంటర్‌లో ఎవరున్నా సరే, దీన్ని అమ్మేటప్పుడు ఆ మాట చెప్పకుండా బిల్లు కొట్టకూడదని షాపులో రూల్ పెట్టుకున్నాం.

పడ్రోన్ అనే పేరున్న నికరాగ్వా బ్రాండుతో పోల్చడం తప్పదు. బాక్స్ ప్రెస్ అనగానే ఇక్కడి పాత కస్టమర్లకి ముందు గుర్తొచ్చేది 1994లో వచ్చిన పడ్రోన్ 1964 యానివర్సరీ సిరీసే, ఈ ఆకారానికి అమెరికాలో అంత గిరాకీ రావడానికి దాని చెయ్యి పెద్దది. "అలా ఉంటుందా?" అని అడుగుతారు. ఉండదు అని సూటిగా చెప్పేస్తాను. వాళ్ళు దశాబ్దాలుగా సొంతంగా ఆకు పండించుకుని, ఏళ్ళ తరబడి మాగేసి చేస్తున్నారు, మాది చిన్న షాపు బ్లెండ్. ఆ సిగార్ ధర కూడా మాదానికంటే ఎక్కువ. మాది ఒక్కోటి 11 డాలర్లు. వారానికి మూడు నాలుగు కాల్చుకునేవాడు లెక్క చూసుకోకుండా తీసుకోగలగాలని ఆ ధర పెట్టాం. ఆకు, చేతిపని, పెట్టె, బ్యాండు, విమానం ఖర్చు, ఫెడరల్ ఎక్సైజ్ (అది తయారీదారు లేదా దిగుమతిదారు అమ్మే ధరలో 52.75 శాతమే కానీ సిగార్‌కి 40.26 సెంట్లకి మించకూడదని హద్దు ఉంది), ఇవన్నీ పోను మిగిలేది పెద్ద బ్రాండు అమ్మితే మిగిలేదానికి కాస్త ఎక్కువ, అంతే.

ఇంకొక సంగతి, మాలాంటి చిన్నవాళ్ళకి ఇది సాధ్యపడటానికి చట్టం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. 2016లో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) తెచ్చిన నిబంధన ప్రకారం 2007 ఫిబ్రవరి 15 తరవాత వచ్చిన ప్రతి కొత్త సిగార్ ఉత్పత్తికీ విడిగా అనుమతి తీసుకోవాలన్నారు. ఆ ఖర్చు పెద్ద కంపెనీలు భరిస్తాయేమో కానీ ఒక షాపు భరించలేదు. 2023 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు ప్రీమియం సిగార్ల వరకు ఆ నిబంధనని కొట్టేసింది. ప్రీమియం అంటే ఏమిటో కూడా ఆ తీర్పులో ఒక లెక్క ఉంది, అందులో కొన్ని: చేత్తో చుట్టింది, పూర్తి ఆకు రేపర్, పొగాకు రుచి తప్ప వేరే ఫ్లేవర్ లేనిది, పొగాకు, నీళ్ళు, చెట్ల జిగురు తప్ప ఇంకేమీ కలపనిది. "ఇందులో తీపి వస్తోంది, ఏం కలిపారు?" అని అడిగేవాళ్ళకి నేను ఇదే చెప్తా. ఏమీ కలపలేదు, ఆ తీపి రేపర్ మాగడంలో వచ్చింది.

ఎవరికి అమ్మకూడదో కూడా తెలిసి ఉండాలి. ఇక్కడ వయసు 21 నిండాలి, అది ఎలాగూ చట్టం. కానీ 21 నిండిన రోజే స్నేహితులతో వచ్చి "అందరికంటే స్ట్రాంగ్‌ది ఇవ్వు" అనే కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇది ఇవ్వను. ఖాళీ కడుపుతో లిగెరో ఉన్న సిగార్ కాలిస్తే చెమటలు పట్టి, తల తిరిగి, వాంతి దాకా వెళ్తుంది. అసలు మొదలుపెట్టకపోతేనే మంచిదని చెప్తే కొందరు వింటారు, వినకపోతే అమ్మకం పోయినా ఫర్వాలేదు. కాల్చడం తెలిసినవాళ్ళకి కూడా తిని రమ్మని, పక్కన ఏదైనా తియ్యటిది ఉంచుకోమని చెప్తాం. మా శుక్రవారం బ్యాచ్‌లో ఒకతను ఇంటి నుంచి ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ తెస్తాడు, ఆ డికాషన్‌తో ఈ సిగార్ ఎంత బాగా కుదురుతుందో విస్కీ తాగేవాళ్ళు కూడా ఒప్పుకున్నారు, ఇప్పుడు మేమే లాంజ్‌లో ఫిల్టర్ పెట్టాం.

ఒకటి కొన్నవాళ్ళ లెక్క నేను రాసుకోను, కుతూహలం కొద్దీ ఎవరైనా కొంటారు. తనంతట తాను వచ్చి రెండోది అడిగినవాళ్ళ పేర్లే ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నా, ఆ పేజీలు నిండుతున్నాయి. వాళ్ళలో చాలామంది అడుగుతున్నది ఒకటే: లంచ్ టైములో ఆరంగుళాలు కాల్చే తీరిక లేదు, చిన్నది కావాలి. అయిదంగుళాల సైజులో ఇదే బ్లెండ్ చుడితే రేపర్, ఫిల్లర్ పాళ్ళు మారకపోయినా మొదటి అంగుళం ఘాటు మొత్తం సిగార్‌లో పెద్ద భాగం అయిపోతుంది, అందుకని లిగెరో కాస్త తగ్గించి రెండు రకాలుగా చుట్టి పంపమని ఫ్యాక్టరీకి చెప్పాం. అవి వచ్చాయి, ప్రస్తుతం వెనక గదిలో సర్దుకుంటున్నాయి. వీటినీ ముందు బ్యాండు లేకుండానే ఇస్తాం, పోస్ట్‌మ్యాన్ గారికి, ట్రక్కు ఆయనకి, శుక్రవారం బ్యాచ్‌కి, అవే మూడు ప్రశ్నలు అడుగుతాం, రెండిట్లో యాష్‌ట్రేలో తక్కువ మిగిలినదాన్నే ఆర్డర్ పెడతాం.